టోస్టరు తీగ ఎందుకు కాలిపోదు?

మొన్న సంక్రాంతికి మన సంఘం వాళ్ళం అందరం కలిసినప్పుడు, వంటగదిలో పులిహోర గిన్నెల పక్కన నిలబడ్డ ఒక పదేళ్ళ కుర్రాడు మమ్మల్ని పట్టుకున్నాడు. "టోస్టర్లో తీగ అంత ఎర్రగా కాలుతుంది కదా, మరి కాలిపోదేం?" అని అడిగాడు. మా దంపతుల్లో ఒకరిది లోహశాస్త్రం, ఒకరిది వైద్యం. లోహశాస్త్రం వారు "దాని మీద సన్నటి పొర ఒకటి ఏర్పడుతుంది బాబూ, అదే తీగని కాపాడుతుంది" అని చెప్పి పులిహోర వైపు తిరగబోయారు. కుర్రాడు వదల్లేదు. "పొర గాలిని ఆపేస్తే పొర ఎలా పెరుగుతుంది? ఆపకపోతే తీగని ఎలా కాపాడుతుంది?" అన్నాడు.

ఈ ప్రశ్న పెద్దవాళ్ళు కూడా అడిగారు. 1920లలో అడగటం మొదలుపెట్టారు. సగం జవాబు పదేళ్ళలో వచ్చింది, మిగతా సగంలో ముఖ్యమైన భాగానికి 1980ల దాకా ఆగవలసి వచ్చింది, కొంత ఇంకా నలుగుతూనే ఉంది. ఆ రోజు కుర్రాడికి అరకొరగా చెప్పినదాన్ని ఇంటికి వెళ్ళి పుస్తకాలు తిరగేసి, సంపాదకుల పోరు కూడా తోడై, కాస్త వివరంగా రాస్తున్నాం.

చిన్నప్పుడు కమ్మరి కొలిమి దగ్గర నిలబడి చూసినవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. నాగటి కర్రుని ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సమ్మెటతో ఒక్క దెబ్బ వేస్తే నల్లటి పొలుసులు రాలిపడేవి. ఆ పొలుసు మసి కాదు. ఇనుమూ, గాలిలోని ఆక్సిజనూ కలిసి అయిన ఆక్సైడు. వానలో తడిసి పట్టే తుప్పు వేరు, దానికి నీళ్ళు కావాలి. ఈ పొలుసుకి వేడి చాలు. కర్రుకి కాల్చినప్పుడల్లా పొలుసు కట్టి రాలిపోతుంది, కర్రు అరుగుతుంది. టోస్టరు తీగకి కట్టిన పొర రాలదు. రెండింటికీ తేడా ఎక్కడుంది?

పొర కట్టటం మొదలైన మరుక్షణంలో పరిస్థితి ఇది: మధ్యలో గోడ, ఇటు లోహం, అటు ఆక్సిజన్. ఇద్దరికీ పెళ్ళి కావాలంటే ఎవరో ఒకరు గోడ దాటి తరలి వెళ్ళాలి. లోహం తరలి వెళితే పెళ్ళి గోడకి బయటి వైపున, గాలిలో జరుగుతుంది. కొత్త ఆక్సైడు పొర పైభాగాన చేరుతుంది. ఆక్సిజన్ తరలి వస్తే పెళ్ళి లోపలి వైపున, లోహం గుమ్మంలో. కొత్త ఆక్సైడు పొర అడుగున చేరుతుంది. బయటినుంచి చూసేవాళ్ళకి రెండూ ఒకటే, పొర దళసరి అవుతోందన్న సంగతి తప్ప మరేమీ తెలియదు. కాని ఫలితాలు వేరు. లోహం బయటికి పోతూ ఉంటే దాని వెనక ఖాళీలు మిగులుతాయి. అందరూ పట్నాలకీ విదేశాలకీ వెళ్ళిపోయిన ఊళ్ళో తాళాలు పడ్డ ఇళ్ళలాగా (ఈ మాట మనం అనుకోవలసిందే!) ఆ ఖాళీలు ఒకచోట చేరి పొర కింద బోలు పడుతుంది, పొరకి పట్టు తప్పుతుంది, చల్లారినప్పుడు ఊడుతుంది. ఆక్సిజన్ లోపలికి వస్తే ఖాళీలు ఉండవు, కాని ఉన్న పొర అడుగున ఇరుకులో కొత్త సరుకు పుట్టాలి కాబట్టి ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి ఎవరు కదులుతున్నారో తెలిస్తేనే పొరని నిలబెట్టే ఉపాయం దొరుకుతుంది.

కుర్రాడి ప్రశ్నలో మొదటి సగానికి జవాబు త్వరగానే దొరికింది. పొర గాలిని పూర్తిగా ఆపదు, ఆలస్యం చేస్తుంది. పొర దళసరి అయినకొద్దీ దాటవలసిన దూరం పెరుగుతుంది, పెరుగుదల మందగిస్తుంది. మొదటి గంటలో ఒక మైక్రాను పెరిగితే, రెండు మైక్రాన్లు కావటానికి 4 గంటలు, పది కావటానికి 100 గంటలు పడుతుంది. 1920లో జర్మనీలో టమ్మాన్, 1923లో పిల్లింగ్, బెడ్‌వర్త్‌లు ఈ వర్గమూల సూత్రాన్ని చూపించారు. 1933లో కార్ల్ వాగ్నర్ దానికి సిద్ధాంతం కట్టాడు. ఆ సిద్ధాంతమే ఇప్పటికీ పునాది. కాని సూత్రం ఒక్కటే పెట్టుకుంటే ప్రయోజనం లేదు: లోహం కదిలినా, ఆక్సిజన్ కదిలినా అదే వర్గమూలం వస్తుంది.

ఎవరు కదులుతున్నారో మొట్టమొదట సులువుగా పట్టుకున్నవాడు బ్రిటన్‌లో ఫైల్ అనే లోహశాస్త్రజ్ఞుడు, 1929లో. ఆయన ఇనుప ముక్క మీద ఆకుపచ్చటి క్రోమియం ఆక్సైడుని రంగులాగా పూసి కొలిమిలో పెట్టాడు. తీసి కోసి చూస్తే ఆకుపచ్చ పొర పైన లేదు, పొలుసు లోపల పూడిపోయి ఉంది. అంటే ఇనుము ఆ రంగుని దాటుకుని బయటికి వచ్చి, దాని పైన పొలుసుగా మారిందన్నమాట. నేల మీద గీత గీసి, మర్నాడు ఆ గీత మీద మట్టి పడిందా, కిందినుంచి మట్టి పోయిందా అని చూసుకున్నట్టుంది. ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద సంగతి తెలిసిన ప్రయోగాలు లోహశాస్త్రంలో కొద్దిగానే ఉన్నాయి. ఫైల్ మళ్ళీ వస్తాడు, పేరు గుర్తుంచుకోండి.

పొలుసు అరమిల్లీమీటరు మందం ఉన్నప్పుడు ఈ ఉపాయం బాగానే పనిచేస్తుంది. టోస్టరు తీగ మీది పొర వెంట్రుక మందంలో పదో వంతో, ఇరవయ్యో వంతో ఉంటుంది. దాని మీద రంగు పూస్తే రంగే పొరకంటే దళసరి. పైగా పరాయి వస్తువు అక్కడ కూచుని అసలు వ్యవహారాన్నే మార్చెయ్యవచ్చు. కావలసినది పరాయివాడు కాదు. అచ్చం ఆక్సిజన్‌లాగానే ప్రవర్తిస్తూ, మనకి మాత్రం గుర్తు దొరికే ఆక్సిజన్ కావాలి.

ఇక్కడ మరో కథ చెప్పుకోవాలి. 1911 ప్రాంతంలో హంగరీ కుర్రవాడు హెవెసీ, మాంచెస్టరులో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేస్తూ ఒక పూటకూళ్ళ ఇంట్లో ఉండేవాడు. ఆదివారం మిగిలిన మాంసమే వారమంతా రూపం మార్చుకుని వస్తోందని ఆయన అనుమానం; ఇంటావిడ మాత్రం రోజూ తాజాగా వండుతున్నానని ఒట్టు పెట్టేది. ఒక ఆదివారం ఆయన కంచంలో మిగిల్చిన దాని మీద రవ్వంత రేడియో ధార్మిక పదార్థం చల్లాడు. కొద్దిరోజుల తరవాత వడ్డించిన వంటకం దగ్గర ఎలక్ట్రోస్కోపు పెట్టి చూస్తే దొంగ దొరికిపోయాడు! హాస్టలు మెస్సులో నిన్నటి ఇడ్లీ ఇవాళ ఉప్మా అవతారం ఎత్తగా తిన్న మనలాంటివాళ్ళకి ఈయన మీద అభిమానం కలగటం సహజం. సీసంలోంచి 'రేడియం-డి'ని విడదియ్యమని రూథర్‌ఫర్డ్ అప్పగించిన పని ఆయనకి ఎంతకీ సాధ్యం కాలేదు. కారణం, రేడియం-డి కూడా సీసమే, బరువు వేరైన సీసం. విడదియ్యలేకపోతే అదే మేలు, గుర్తుగా వాడుకోవచ్చు కదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1913లో వియన్నాలో పానెత్‌తో కలిసి ఆ పద్ధతిని చేసి చూపించాడు. 1943వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ దీనికే. ఒకే మూలకానికి బరువు తేడా ఉన్న ఈ తోబుట్టువులే ఐసోటోపులు. 'సమస్థానీయాలు' అని తెలుగు మాట ఉంది గాని, దాన్ని పలికి అర్థం చెప్పేలోగా ఐసోటోపు అనే మాట రెండుసార్లు అనవచ్చు.

ఆక్సిజన్ విషయంలో ఒక చిక్కు ఉంది. దాని రేడియో ధార్మిక ఐసోటోపుల్లో అందరికంటే దీర్ఘాయుష్మంతుడు ఆక్సిజన్-15, అతని అర్ధాయువు రెండే రెండు నిమిషాలు. కొలిమి తలుపు వేసేలోగా సగం అయిపోతాడు. అందుకని రేడియో ధార్మికత లేని ఆక్సిజన్-18ని ఆశ్రయించారు. అది ఎప్పుడూ మన చుట్టూ ఉన్నదే. మనం పీల్చే ఆక్సిజన్‌లో ప్రతి వెయ్యి పరమాణువుల్లో సుమారు రెండు ఇవే. మిగతావి దాదాపు అన్నీ ఆక్సిజన్-16. ఈ బరువు సోదరుణ్ణి 1929లో జియోక్, జాన్‌స్టన్‌లు కనిపెట్టారు. ఫైల్ రంగు పూసింది కూడా అదే సంవత్సరం. ఈ రెండూ చెయ్యి కలపటానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

ప్రయోగం ఇలా ఉంటుంది. లోహపు ముక్కని గాజు లేక క్వార్ట్జ్ గొట్టంలో పెట్టి, మామూలు ఆక్సిజన్‌లో వేడిచేసి కొంత పొర కట్టనిస్తారు. తరవాత ముక్కని చల్లార్చకుండానే ఆ వాయువుని తోడేసి, దాని స్థానంలో ఆక్సిజన్-18 నింపి మరికొంతసేపు పెరగనిస్తారు. లోహానికి రెండూ ఒకటే, తేడా తెలియదు. ఆ తరవాత చల్లార్చి, ముక్కని మరో యంత్రంలో పెడతారు. సీజియం అయాన్ల ధారతో పొరని పైనుంచి కొద్దికొద్దిగా చెక్కుతూ, లేచిన రజనులో 16 ఎంత, 18 ఎంత అని తూచే యంత్రం అది. ఒక మిల్లీమీటరులో లక్షో వంతు లోతు తేడాని కూడా అది పట్టుకుంటుంది. బొమ్మ గీసి చూపితే బాగుండును గాని మన పత్రికలో బొమ్మలు ఎలా వస్తాయో మీకు తెలుసు, మాటల్లోనే చెబుతాం. కొత్త ఆక్సిజన్ అంతా పైభాగాన దొరికితే, లోహం బయటికి వచ్చి దాన్ని కలుసుకుంది. అడుగున, లోహం పక్కన దొరికితే, ఆక్సిజన్ లోపలికి వెళ్ళి లోహాన్ని కలుసుకుంది. రెండు చోట్లా దొరికితే ఇద్దరూ కదిలారు.

ఇంత తేలికైతే ఈ వ్యాసం ఇక్కడితో ఆగేది. ఇందులో ఒక బోల్తా ఉంది. మొదట్లో మేమూ పడ్డాం.

తిరుమల క్యూ కాంప్లెక్సు తలుచుకోండి. పొద్దున్నుంచీ పసుపు చొక్కాలవాళ్ళు వరసగా వచ్చారనుకుందాం, మధ్యాహ్నం నుంచి ఎర్ర చొక్కాలవాళ్ళు వచ్చారు. వరస తప్పకుండా అందరూ గర్భగుడి వైపే నడుస్తున్నారు. సాయంత్రం పైనుంచి ఫొటో తీస్తే ఎర్ర చొక్కాలు ఎక్కడ కనపడతాయి? వచ్చే గుమ్మం దగ్గర! అంతమాత్రాన వాళ్ళు లోపలికి వెళ్ళటం లేదనగలమా? స్ఫటికంలో ఆక్సిజన్ ఒక ఖాళీలోంచి మరో ఖాళీలోకి వరసగా జరుగుతూ వెళితే జరిగేది అదే. అడుగున లోహాన్ని తాకేది ముందున్న 16, వెనక నిలబడేది 18. ఆక్సిజన్ లోపలికే వెళుతున్నా, 18 మాత్రం పైనే కనపడుతుంది. తొందరపడితే 'లోహం బయటికి వచ్చింది' అని తప్పు రాస్తాం. ఎర్ర చొక్కాలు గర్భగుడి ముందు కనిపిస్తే మాత్రం సందేహం అక్కర్లేదు: వాళ్ళు వరసలో కలవకుండా వేరే దారిన వెళ్ళారు. స్ఫటికాల మధ్య అతుకుల్లోనో, పగుళ్ళలోనో అలాంటి అడ్డదారులు ఉంటాయి. అందుకే 18 ఎక్కడుందని మాత్రమే కాక, ఏ ఆకారంలో పలచబడుతూ ఉందో కూడా చూస్తారు. వీలైతే ఫైల్ గారి గీతని కూడా తోడు తెచ్చుకుంటారు.

ఈ అడ్డదారికి మంచి ఉదాహరణ మనలో చాలామంది ఉద్యోగాలు చేసే సిలికన్ పరిశ్రమదే. చిప్పుల మీద పెంచే సిలికన్ ఆక్సైడు ఎలా పెరుగుతుందో 1965లో డీల్, గ్రోవ్‌లు లెక్క కట్టారు. తరవాత ఇంటెల్‌ని నడిపిన ఆండీ గ్రోవే ఈయన. ఆక్సిజన్ అణువు విడిపోకుండా, గాజులాంటి ఆ పొర సందుల్లోంచి జారి అడుగుకి వెళుతుందని ఆ లెక్కకి ఆధారం. 1979లో పారిస్‌లో రోజెన్షే, స్ట్రాబోనీ, రిగో, ఆమ్సెల్ ఆక్సిజన్-18తో పరీక్ష చేశారు. 18లో అధిక భాగం పొర అడుగున, సిలికన్ గుమ్మంలో దొరికింది; కొద్దిపాటి పైన. మధ్యలో ఉన్న పాత ఆక్సిజన్‌ని దాదాపు పలకరించకుండానే వెళ్ళిపోయింది. ప్రత్యేక దర్శనం టిక్కెట్టన్నమాట. లెక్క కట్టిన పద్నాలుగేళ్ళకి కళ్ళతో చూసిన సాక్ష్యం దొరికింది.

ఇక టోస్టరుకి వద్దాం. తీగ నిక్రోము, సుమారు 80 పాళ్ళు నికెలు, 20 పాళ్ళు క్రోమియం. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ దీనికి పేటెంటు పొందాడు. కాపాడే పొర క్రోమియం ఆక్సైడు, అంటే ఫైల్ రంగుగా పూసిన ఆ ఆకుపచ్చ పదార్థమే. ఇందులో ప్రధానంగా క్రోమియమే బయటికి వస్తుంది. కాబట్టి కింద బోలు పడి, తీగ వేడెక్కి చల్లారే ప్రతిసారీ పొర ఊడే ప్రమాదం ఉంది. 1930లలో హీటరు తీగలు చేసేవాళ్ళు ఒక వింత గమనించారు: సీరియం వంటి అరుదైన మృత్తికా లోహం రవ్వంత కలిసిన తీగలు ఎక్కువకాలం మన్నుతున్నాయి. 1937 నాటి పేటెంటు ఫైల్ పేరు మీదే ఉంది! ఎందుకు మన్నుతున్నాయన్నది మాత్రం యాభై ఏళ్ళు వాదోపవాదాలే. పొరకి మేకులు దిగుతున్నాయన్నారు కొందరు, ఖాళీలని మింగేస్తోందన్నారు మరికొందరు. 1990లో అమెరికా, కెనడా శాస్త్రజ్ఞులు కొందరు క్రోమియంలో ఇట్రియం చొప్పించి, 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆక్సిజన్-18 ప్రయోగం చేశారు. ఇట్రియం లేనప్పుడు కొత్త పొర పైన; ఉన్నప్పుడు అడుగున. స్ఫటికాల అతుకుల్లో కూచున్న ఇట్రియం, క్రోమియం బయటికి పోయే దారిని అడ్డుకుంటోంది. అప్పుడిక నెమ్మదిగా లోపలికి వచ్చే ఆక్సిజన్‌దే వంతు. పొర మందంగా పెరగటం తగ్గింది, కింద బోలు పడటం తగ్గింది. అన్నట్టు సీరియం దొరికే మోనజైటు ఇసుక మన శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాల్లో కావలసినంత ఉంది.

టోస్టరు పోతే ఇంకొకటి కొనుక్కుంటాం. మనల్ని ఇండియా తీసుకెళ్ళే విమానం సంగతి వేరు. జెట్ ఇంజనులో మొదటి వరస టర్బైను రెక్కల మీదికి వచ్చే వాయువు, ఆ రెక్కల లోహం కరిగే ఉష్ణోగ్రతకంటే ఎక్కువ వేడిగా ఉంటుంది. లోపల చల్లగాలి ప్రవహిస్తూ, బయట జిర్కోనియా పింగాణీ పూత ఉండబట్టి రెక్క నిలబడుతోంది. జిర్కోనియా వేడిని ఆపుతుంది గాని ఆక్సిజన్‌కి ధర్మసత్రం, అడ్డే చెప్పదు. అసలు కాపలా దాని కింద ఉన్న కొద్ది మైక్రాన్ల అల్యూమినా పొరది. అది మితిమీరి పెరిగినా, ఊడినా పైన ఉన్న పింగాణీ పెచ్చుగా లేచిపోతుంది. అల్యూమినియంతో మరో ఇబ్బంది, దానికి నిలకడైన ఐసోటోపు ఒక్కటే. గుర్తు పెట్టటానికి తోబుట్టువు లేడు. ఆక్సిజన్‌ని చూసే దాని సంగతి ఊహించాలి. 1982లో రెడ్డి, స్మియాలెక్, కూపర్ అనే ముగ్గురు, ఇట్రియం, జిర్కోనియం వంటివి కలిపిన, కలపని అల్యూమినా పొరల్ని ఆక్సిజన్-18తో పరీక్షించి వ్యాసం ప్రకటించారు. (మొదటి పేరు చూసి మా ముఖాలు వెలిగాయని ఒప్పుకుంటున్నాం.) ఇలాంటి ప్రయోగాలు పోగుపడగా తేలినది, ఇట్రియం వంటివి లేనప్పుడు అల్యూమినియం కొంత బయటికి వస్తుంది, ఉన్నప్పుడు ఆక్సిజన్ అతుకుల వెంట లోపలికి రావటమే ప్రధానమవుతుంది. రెక్కల పూతల్లో చాలావాటిలో ఇట్రియం ఒక దినుసు.

అన్నిటికంటే మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసేది జిర్కోనియం. అణువిద్యుత్ కేంద్రాల్లో యురేనియం బిళ్ళల్ని జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాల్లో పెడతారు. మన దేశానికి కావలసిన ఆ గొట్టాలు 1971లో హైదరాబాదులో నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో తయారవుతాయి. భారజల రియాక్టర్లలో ఆ గొట్టం గోడ మందం సుమారు 0.4 మిల్లీమీటరు, రేడియో ధార్మిక పదార్థానికీ నీటికీ మధ్య ఉన్న మొదటి తలుపు అదే. జిర్కోనియంలో తరలి వచ్చేది ఆక్సిజనే, లోహం కదలదు. కొత్త ఆక్సైడు అడుగున పుడుతుంది, లోహంగా ఉన్నప్పటికంటే ఒకటిన్నర రెట్లకి పైగా చోటు అడుగుతుంది. రెండు మూడు మైక్రాన్ల దాకా ఆ ఒత్తిడిని పొర భరిస్తుంది. తరవాత సన్నటి పగుళ్ళు పడి, మందగించిన పెరుగుదల మళ్ళీ ఊపందుకుంటుంది. ఆ మలుపుకి ముందు ఆక్సిజన్-18 క్యూలో నిలబడి పైనుంచి కిందికి క్రమంగా పలచబడుతూ కనిపిస్తుంది. తరవాత చూస్తే లోతున ప్రత్యక్షమవుతుంది. గోడలో తలుపులు తెరుచుకున్నాయన్నమాట.

రోజువారీ పనిలో నీరు సుమారు 300 డిగ్రీలు, అక్కడ ఇదంతా ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగుతుంది. నీరు పోయి ఆవిరి మిగిలితే కథ మారిపోతుంది. 1200 డిగ్రీల దగ్గర జిర్కోనియం ఆవిరిలోని ఆక్సిజన్‌ని లాక్కుంటుంది, వేడి పుట్టిస్తుంది, ఆ వేడి చర్యని ఇంకా తొందరపెడుతుంది, మిగిలిన హైడ్రొజన్ పోగవుతుంది. లోపలికి చేరిన ఆక్సిజన్ కొంత ఆక్సైడు కాకుండా లోహంలోనే కరిగి దాన్ని అప్పడంలా పెళుసు చేస్తుంది. 1979లో త్రీ మైల్ ఐలండులో ఇది జరిగింది. 2011లో ఫుకుషిమాలో భవనాల పైకప్పులు ఎగిరిపోయింది ఆ హైడ్రొజన్‌తోనే. ఎంతటి ప్రమాదంలోనైనా గొట్టం 1204 డిగ్రీలు దాటకూడదనీ, గోడ మందంలో 17 శాతానికి మించి ఆక్సైడు కాకూడదనీ అమెరికాలో 1970లలోనే నియమం పెట్టారు. ఆక్సిజన్ ఏ వేగంతో, ఏ దారిన లోపలికి వెళుతుందన్న కొలతలే ఇలాంటి అంకెలకి ఆధారం. ఫుకుషిమా తరవాత జిర్కోనియం గొట్టాల మీద పల్చగా క్రోమియం పూసి రియాక్టర్లలో పరీక్షిస్తున్నారు. టోస్టరు తీగకి ఉన్న కాపలావాణ్ణే అక్కడా పెడుతున్నారన్నమాట. ఆ పూత దాటి ఆక్సిజన్ వస్తోందా, క్రోమియం బయటికి పోతోందా అన్నది మళ్ళీ అదే పాత ప్రశ్న.

ఈ ప్రయోగాలు విరివిగా జరగకపోవటానికి ఒక కారణం ఆక్సిజన్-18 ధర. దానికి గిరాకీ తెచ్చిపెట్టింది వైద్యులే, అంటే మా ఇంట్లో రెండోవారి వర్గం. క్యాన్సరు జాడ తీసే పెట్ స్కానుకి వాడే ఫ్లోరిన్-18ని, ఆక్సిజన్-18 నీటి మీద ప్రోటాన్లు ప్రయోగించి తయారుచేస్తారు. దాని అర్ధాయువు 110 నిమిషాలు, కాబట్టి రోజూ కొత్తగా చేసుకోవలసిందే, నీళ్ళు రోజూ కావలసిందే. ఇండియాలో మణుగూరు భారజల కర్మాగారంలో ఈ నీటిని కూడా తయారుచేస్తున్నారు. లోహాల వాళ్ళు మాత్రం పొదుపు నేర్చుకున్నారు. ప్రయోగం అయ్యాక గొట్టంలో మిగిలిన వాయువుని వదిలెయ్యరు. పక్కన ఉన్న చిన్న సీసాని ద్రవ నైట్రొజన్‌లో ముంచుతారు. దాని చల్లదనం మైనస్ 196 డిగ్రీలు, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గరే ద్రవమైపోతుంది. గొట్టంలోని ఆక్సిజన్-18లో కొంత తనంతట తానే ఆ సీసాలోకి చేరుతుంది. మూత బిగించి, పైన తేదీ రాసి, మరుసటి ప్రయోగానికి దాచుకుంటారు.